యంత్రము – ఓదార్పు

దిగులుపడ్డ మనిషికి యంత్రం తోడు కాగలదా? ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. 1966లో అమెరికాలో ఆచార్య జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే కంప్యూటర్ ప్రోగ్రామును ప్రకటించాడు. ‘నాకు దిగులుగా ఉన్నది’ అంటే ‘దిగులుగా ఎందుకున్నది?’ వంటి ప్రశ్న వేయడమే దాని విద్య. అంతమాత్రానికే ఆయన కార్యదర్శి దానితో ఏకాంతంగా మాట్లాడదలచి, ఆయననే గది బయటికి వెళ్ళమన్నదట! ఈ నమ్మకం చూచి ఆయనే బెదిరాడు. మనోవైద్యుని పీఠం యంత్రానికి ఈయరాదని 1976లో ఒక గ్రంథంలో వాదించాడు. నేటి సెల్‌ఫోనులలో సంభాషించే యంత్రాలు ఎలైజా మునిమనుమలే. వాటి పలుకు ఎంతో తీయన. ఆపదవేళ పరుగెత్తి వచ్చే కాళ్ళు మాత్రం లేవు.

అట్లని యంత్రాన్ని తోసివేయడం అవివేకం. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వం ‘టెలీ మానస్’ ప్రారంభించింది. 14416కు ఫోను చేస్తే, రాత్రింబవళ్ళు, పైసా ఖర్చు లేకుండా, శిక్షణ పొందిన సలహాదారు తెలుగులో మాట్లాడతాడు. అవసరమైతే మనోవైద్యునితో కలుపుతాడు. తీగకు ఆ చివర ఉన్నది మనిషి. మనోవైద్యుని గుమ్మం తొక్కితే పిల్లకు సంబంధం రాదని జడిసే ఇండ్లకు ఈ చాటు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

పదవ తరగతి ఫలితాలు వెలువడేది వేసవి సెలవులలో. పరీక్ష తప్పిన పిల్లవానికి ఆనాడు బడి లేదు, పంతులుగారు లేరు. కనుక ఆ ఐదంకెలను చివరి పాఠంనాడే ప్రతివాని నోటు పుస్తకంలోను ఉపాధ్యాయులు వ్రాయించవలసి ఉన్నది.