కండ కాదు... దమ్ము!

2000 మే 1. టోక్యో డోమ్ స్టేడియం. బరిలో ఇద్దరు. ఒకరు బ్రెజిల్‌కు చెందిన రాయిస్ గ్రేసీ, రెండో వ్యక్తి జపాన్ మల్లుడు కజుషి సకురాబా. రౌండుకు పదిహేను నిమిషాలు. ఎన్ని రౌండ్లన్న లెక్క లేదు. ఎవరో ఒకరు ఓడేదాకా సాగాల్సిందే. ఆ షరతు పెట్టింది గ్రేసీ వాళ్లే!

ఒకటి, రెండు, మూడు... ఆరు రౌండ్లు అయిపోయాయి. అంటే గంటన్నర. తన్నులు తిని తిని గ్రేసీ కాలు ఇక మాట వినలేదు. అన్నయ్యే తువ్వాలు విసిరి పోరు ఆపించాడు. విచిత్రం ఏంటంటే, గెలిచిన సకురాబా ఇంటికెళ్లి పడుకోలేదు. అది టోర్నమెంటు కాబట్టి అదే రాత్రి మళ్లీ బరిలో దిగాడు. తనకంటే ఎంతో బరువైన ఇగోర్ వోవ్‌చాంచిన్‌తో ఇంకో పదిహేను నిమిషాలు తలపడ్డాడు. ఆ తర్వాత గానీ అతని వైపు నుంచి తువ్వాలు పడలేదు.

బాక్సింగ్, కుస్తీ, జూడో, కిక్‌బాక్సింగ్ అన్నీ కలగలిసిన ఈ ఆట పేరు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. పొట్టిగా ఎంఎంఏ. టీవీలో వస్తుంటే ఇంట్లో పెద్దవాళ్లు 'ఇదేం కొట్లాటరా బాబూ' అని చానల్ మార్చేస్తారు. కుర్రాళ్ల కళ్లు మాత్రం ఆ కండల మీదే ఉంటాయి. మర్నాడే జిమ్ములో చేరి డంబెల్స్ పట్టుకుంటారు. అసలు కిటుకు అక్కడ లేదు మరి!

ఇప్పటి నిబంధనల ప్రకారం రౌండుకు ఐదు నిమిషాలు. మామూలు పోటీకి మూడు రౌండ్లు, టైటిల్ పోటీకి ఐదు. మధ్యలో ఒక్క నిమిషం విశ్రాంతి. 'ఓస్, ఐదు నిమిషాలేగా' అనిపిస్తుంది. పాతిక కిలోల బియ్యం బస్తాను ఎత్తి, దించి, దాని కింద దూరి, మళ్లీ లేచి... ఇలా ఆపకుండా ఐదు నిమిషాలు చేయడం ఊహించుకోండి. పైగా ఆ బస్తా మిమ్మల్ని తిరిగి కొడుతూ ఉంటుంది!

మన ఒంట్లో శక్తి మూడు రకాలుగా పుడుతుంది. ఒక్కసారిగా దూకడానికో, గుద్దడానికో కావలసిన శక్తి కండరంలోనే నిల్వ ఉంటుంది. అది పది సెకన్లకు కాస్త అటూ ఇటూగా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు చక్కెరను ఆక్సిజన్ సాయం లేకుండానే ఒళ్లు వాడుకుంటుంది. ఒళ్లు బిగుసుకుపోయేదీ, ఆయాసం ముంచుకొచ్చేదీ అప్పుడే. మూడోది ఊపిరితో నడిచేది. మొదటి రెండూ సీమటపాకాయలైతే ఇది కుంపటి. చూడ్డానికి ఆర్భాటం ఉండదు గానీ, పేలిపోయిన టపాకాయను మళ్లీ నింపేది ఈ కుంపటే. కుంపటి చిన్నదైతే మొదటి రౌండులో పులిలా దూకినవాడు రెండో రౌండుకు చేతులు కూడా ఎత్తలేడు. కొండంత కండలున్నవాడి పరిస్థితి మరీ ఘోరం, ఎందుకంటే అన్ని కండలకూ ఆక్సిజన్ అందించాల్సింది ఆ గుండేగా!

అందుకే తెలిసిన కోచ్‌లు ముందు కుంపటి రాజేస్తారు. వారాల తరబడి పరుగు, ఈత, సైకిలు... మాట్లాడుకుంటూ చేయగలిగినంత నిదానంగా. కుర్రాళ్లకు ఇది పరమ బోరు. పోటీ దగ్గరపడేకొద్దీ వేగం పెంచుతారు. ఐదు నిమిషాల పోరు, ఒక నిమిషం విశ్రాంతి... అచ్చం పోటీలో లాగే. ఒక కసరత్తు మరీ కఠినం. ఆటగాడు బరి మధ్యలోనే ఉంటాడు. నిమిషానికో కొత్త ప్రత్యర్థి తాజాగా వచ్చి మీద పడుతుంటాడు. అయితే మంచి కోచ్ చూపు దెబ్బల మీద కంటే విశ్రాంతి నిమిషం మీదే ఎక్కువ. ఆ నిమిషంలో గుండె వేగం ఎంత దిగిందన్నదే అతనికి ముఖ్యం. త్వరగా దిగితే తయారీ సరిగ్గా ఉన్నట్టు. ఇక కొత్తవాళ్లందరిదీ ఒకటే తప్పు. పట్టు పట్టగానే ఊపిరి బిగబడతారు. గుద్దిన ప్రతిసారీ 'హుష్' అని గాలి వదలడం వాళ్లకు అలవాటు చేయడానికే కొన్ని నెలలు పడుతుంది.

ఇదంతా విదేశీ విద్య అనుకుంటే పొరపాటు. సకురాబా వచ్చింది జపాన్ ప్రొఫెషనల్ కుస్తీ నుంచి. అక్కడి మల్లులకు కఠోర శిక్షణ నేర్పినవాళ్లలో ప్రముఖుడు బెల్జియంలో పుట్టిన కార్ల్ గాచ్. 1948 ఒలింపిక్స్‌లో పాల్గొన్న మల్లుడు. బరువులు ఎత్తించడం కంటే ఆయనకు ఇష్టమైనవి రెండు కసరత్తులు. వందల కొద్దీ చేయించేవాడు. ఇంగ్లిషులో వాటి పేర్లు 'హిందూ పుషప్', 'హిందూ స్క్వాట్'. అవేంటో తాతయ్యనడగండి, టక్కున చెబుతారు... దండీలు, బస్కీలు! మన ఊళ్ల తాలింఖానాల్లో తెల్లారకుండానే వస్తాదులు తీయించినవే. జపాన్ చుట్టి ఇప్పుడు ఎంఎంఏ జిమ్ముల పేరుతో మళ్లీ మన వీధిలోకొచ్చాయి.

ఆ కసరత్తుల సత్తా ఏమిటో 1910లోనే లండన్ చూసింది. గామా పహిల్వాన్ పట్టుకు భయపడి పోలండ్ మల్లుడు జిబిష్కో నేలకు కరుచుకుని పడుకున్నాడు. అలా రెండున్నర గంటలు! పోరు తేలకపోవడంతో వారం తర్వాత మళ్లీ తలపడాలన్నారు. ఆ రోజు జిబిష్కో అసలు రానేలేదు. పద్దెనిమిదేళ్లకు, 1928లో పటియాలాలో ఇద్దరూ ఎదురుపడితే నిమిషంలోపే గామా పని పూర్తిచేశాడు. రోజుకు వేల బస్కీలు తీసేవాడని చెప్పుకొంటారు. మన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులు తెంపేవాడని అందరికీ తెలుసు. ఆయన బలం వెనక వాయుస్తంభన సాధన ఉందనీ పెద్దలు చెబుతారు. ఊపిరి దగ్గరే మొదలన్నమాట.

ఇంతవరకు బాగానే ఉంది. నెలల తరబడి కూడబెట్టిన ఆ దమ్మును ఒక్క రాత్రిలో పారబోసే పద్ధతి కూడా ఇదే ఆటలో ఉంది. దాని పేరు 'వెయిట్ కట్'. బరువును బట్టి పోటీలు కదా, కింది తరగతిలో దిగితే తనకంటే చిన్నవాడు దొరుకుతాడని ఆశ. తూకం సాధారణంగా ముందురోజే ఉంటుంది. అందుకని నీళ్లు మానేసి, ఆవిరి గదిలో కూర్చుని, ఒంటికి ప్లాస్టిక్ సూట్ చుట్టుకుని పరిగెత్తి కిలోల కొద్దీ చెమట కారుస్తారు. తూకం అయ్యాక గడగడా తాగేస్తారు. పోయింది కొవ్వు కాదు, నీరు. రక్తం చిక్కబడుతుంది, గుండె మీద భారం పెరుగుతుంది. డెబ్బై కిలోల మనిషి ఒంట్లోంచి కిలోన్నర నీరు పోతేనే దమ్ము తగ్గిపోతుంది. అదంతా ఒక్క రాత్రిలో తిరిగి ఒంటబట్టదు కూడా.

2015 డిసెంబరులో మనీలాలో చైనా ఆటగాడు యాంగ్ జియాన్ బింగ్ ఇలాగే బరువు దించుకుంటూ కుప్పకూలాడు. ఆస్పత్రిలో చనిపోయాడు. వయసు 21. బరిలో అతన్ని ఎవరూ కొట్టలేదు. ఆ పోటీ నిర్వహించిన వన్ చాంపియన్‌షిప్ తర్వాత నిబంధనలు మార్చింది. తూకంతోపాటు మూత్ర పరీక్ష కూడా చేస్తారు. ఒంట్లో నీరు చాలకపోతే బరువు సరిపోయినా పనికిరాదు. అన్ని సంస్థలూ ఇంకా ఈ దారికి రాలేదు.

మనకు బాగా గుర్తున్నది వినేశ్ ఫొగాట్ ఉదంతమే. అది కుస్తీ అయినా బాధ ఒకటే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు ముగ్గురిని ఓడించి ఫైనల్‌కు చేరింది. ఆ రాత్రంతా కసరత్తు, ఆవిరి స్నానం. చివరికి జుట్టు కూడా కత్తిరించారు. పొద్దున తూకంలో 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ! ఫైనల్ పోయింది, ఒంట్లో నీరు తగ్గి ఆస్పత్రిలో చేరాల్సొచ్చింది. ఆమెకు సోదరి వరసయ్యే రీతూ ఫొగాట్ 2019లోనే కుస్తీ వదిలి ఎంఎంఏకి మారింది. 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయురాలైంది. ఇవన్నీ చూసి మన పిల్లలూ 'నేనూ చేరతా'నంటున్నారు. చేరనివ్వండి, ఆట మంచిదే. కాకపోతే ఫీజు కట్టే ముందు ఒక పూట క్లాసు దగ్గర కూర్చోండి. మొదటి రోజే ఒకరి మీదికొకరిని ఉసిగొల్పుతున్నారా, ముందు పరుగూ బస్కీలూ చేయిస్తున్నారా? మంచినీళ్ల సీసాలు అందుబాటులో ఉన్నాయా? బరువు సంగతి కోచ్‌ని మీరే అడగండి. పద్నాలుగేళ్ల పిల్లాడి గురించి 'శనివారానికల్లా రెండు కిలోలు దించుకు రమ్మనండి, కింది తరగతిలో ఆడిద్దాం' అన్నాడంటే... ఫీజు డబ్బులు జేబులో పెట్టుకుని, పిల్లాడిని తీసుకుని ఇంటికొచ్చేయండి.