విడుదల తీర్పుపై అప్పీలు

హత్యాభియోగమున ముద్దాయి విడుదలయైన వార్త వచ్చిన దినమున పఠనమందిరములలో రెండు మాటలు వినవచ్చును. “ధనము పనిచేసినది” యని యొకరు, “పోలీసువారు కల్పించిన కేసు, నిలువలేదు” అని మరియొకరు. తీర్పును చదివినవారు ఈ ఇరువురిలో నెవరును కారు.

జూరీ విడిచినవానిపై అప్పీలు పోవుట తన దేశమున నెరుగని ఆంగ్లప్రభుత్వము, ఇచ్చట మాత్రము ఆ యధికారమును చట్టమున చేర్చుకొనెను. స్వతంత్రులమైన పిమ్మట మనమును దానిని విడువలేదు. 2024 జూలై నుండి అమలునకు వచ్చిన నాగరిక సురక్షా సంహితలోను అది కలదు. నేనిందుకు విచారింపను. హతుడు కోర్టునకు రాజాలడు. వాని పక్షమున నడుగువాడొకడు ఉండవలెను. 2009 నుండి హతుని కుటుంబమునకును అప్పీలు హక్కు లభించుట మేలే.

అయితే అప్పీలు వినువారు సాక్షిని చూడలేదు. అతడు భయపడెనో, నేర్చినది వల్లించెనో కన్నులార చూచినవాడు సెషన్సు జడ్జి. హైకోర్టు ముందున్నవి కాగితములు. అందుచేతనే 1934లో షియో స్వరూప్ కేసున ప్రివీ కౌన్సిలు, సాక్ష్యమంతయు తిరిగి విమర్శించు అధికారము హైకోర్టునకు పూర్ణముగా కలదనుచునే, సాక్షులను చూచిన జడ్జి యభిప్రాయమునకు తగిన విలువ నీయవలెనని హెచ్చరించెను. విడుదలవలన నిర్దోషిత్వభావన మరింత బలపడునని 2007లో చంద్రప్ప కేసున సుప్రీంకోర్టు చెప్పినది.

ఇక సాక్షుల మాట. వారి లెక్కతో నిజము తేలదు. 1957లో మద్రాసు రాష్ట్రపు వడివేలు తేవర్ కేసున హతుని భార్య యొక్కతె సాక్ష్యముపైననే మరణశిక్ష స్థిరపడెను. కాని గొడ్డలి కుడిచేత నుండెనా యెడమచేతనా, మొదటి దెబ్బ ఎవరిది, ఆ చెట్టు ఎన్ని గజముల దూరము—ఏండ్లు గడచిన పిమ్మట కూలివాని నడుగు ప్రశ్నలివి. నేనును ముద్దాయిల పక్షమున నిట్టివి అడిగినవాడనే. అడుగుట నా ధర్మము. అయినను, కన్నకొడుకు నరకబడుచుండగా గజములు కొలిచి చెప్పగల తండ్రినే నేనెక్కువగా శంకింతును.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులు చంపబడిరి. ఆ గ్రామముననే నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానము 2007లో 21 మందికి యావజ్జీవశిక్ష విధించెను. హత్యల సమయము, స్థలము, దాడిచేసినవారెవరను సంగతి రుజువు కాలేదని 2014లో హైకోర్టు అందరిని విడిచిపెట్టెను. సాక్షులను చూచిన జడ్జి నమ్మినదానిని కాగితములు చూచినవారు నమ్మలేదు. షియో స్వరూప్ నాటి హెచ్చరిక విడుదలకే గాని శిక్షకు పట్టదా? తీర్పులోని తప్పొప్పులకన్న నన్ను బాధించునది నడుమ గడచిన పదునారేండ్లు. ఏ కన్ను అంతకాలము గడియారమును గుర్తుంచుకొనును?

కావున అప్పీలును సర్వరోగనివారిణిగా నెంచరాదు. చూచినవాని మాటను తొలిదినముననే మేజిస్ట్రేటు ఎదుట వ్రాయించవలెను. విచారణను సాక్షి మరువకమునుపే ముగింపవలెను. విడుదలయైనచో పబ్లికు ప్రాసిక్యూటరు అప్పీలు వలయునో వలదో కారణములతో వ్రాసి, ఆ కాగితమును హతుని కుటుంబమున కీయవలెను. ప్రభుత్వమునకు గడువు 90 దినములు; అందు దస్త్రము బల్లనుండి బల్లకు నడచుటకే ఎన్ని పోవుచున్నవో కచేరీల మెట్లెక్కినవారి కెరుకయే.