ఎండ ముదరకముందే

ఫాల్గుణం నుంచి చైత్రం దాకా ఓరుగల్లుకు దక్కేది కొద్ది వారాల హాయి. ఏప్రిల్ సగానికి వచ్చిందంటే పొద్దున తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటుంది. ఈ నాలుగు ఆదివారాలను టీవీల ముందు పోగొట్టుకోవడం నిజంగా నష్టం.

పిల్లలను పొద్దున్నే ఖిలా వరంగల్ తీసుకెళ్లండి. కాకతీయ తోరణాల నడుమ ఆరుబయట పరిచి ఉన్న శిల్పఖండాల మీద ఏటవాలు ఎండ పడినప్పుడు ఉలి గాట్లు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం అదే రాయి చదునుగా తోస్తుంది. పక్కనే ఏకశిల గుట్ట ఉంది, ఎక్కించండి. సాయంత్రమైతే భద్రకాళి చెరువు కట్ట. ఉగాదితో అక్కడి గుడిలో వసంత నవరాత్రులు మొదలవుతాయి.

బస్సెక్కే ఓపిక ఉంటే పాకాల చాలా దూరమేం కాదు, దాదాపు యాభై కిలోమీటర్లే. గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో తవ్వించిన ఆ చెరువు చుట్టూ అడవి. ఆకు రాల్చిన మోదుగులు ఎర్రగా పూసి ఉంటాయి. రాలిన పూలను నీళ్లలో మరిగిస్తే హోళీకి నారింజ రంగు సిద్ధం. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ఎలా చేయాలో చెబుతారు.

నగరపాలక సంస్థకు ఒక మనవి: నగరంలోని ఈ చోట్లన్నిటా మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్లు, నీడన కూర్చునే బల్లలు ఎండాకాలానికి ముందే ఏర్పాటు చేయండి. వెళ్లేవాళ్లకూ ఒక మాట: ప్లాస్టిక్ సీసాలు అక్కడ వదిలి రావద్దు.