రుచించిన కథ

2023 అక్టోబరు 29, ఆదివారము. చీకటి పడిన కొంతసేపటికి విజయనగరము జిల్లాలోని కంటకాపల్లి, అలమండ స్టేషన్ల నడుమ పలాస పాసింజరును వెనుకనుండి వచ్చిన రాయగడ పాసింజరు ఢీకొనెను. రెండును విశాఖపట్టణమునుండి బయలుదేరిన బండ్లే. 14 మంది మరణించిరి. సుమారు 50 మంది గాయపడిరి. కంటకాపల్లి కొత్తవలస మండలములోనిదే. కిరందూలు ఇనుప ఖనిజపు మార్గము చీలు జంక్షనగుటచే కొత్తవలస జనులకు రైలు కొత్త కాదు. తెల్లవారి బండిలో పనికి పోయి, పొద్దుగూకిన బండిలో ఇల్లు చేరువారు ఆ చుట్టుపట్ల ప్రతి ఊరను కలరు. ఆ బండ్లలో నుండినవారును అట్టివారే.

రాయగడ బండిని నడిపిన డ్రైవరును, అతని సహాయకుడును ప్రమాదములోనే ప్రాణములు కోల్పోయిరి. లోపించిన ఆటోమేటిక్ సిగ్నలు వద్ద బండిని రెండు నిమిషములు ఆపి, పిమ్మట గంటకు 10 కిలోమీటర్ల వేగము మించక నడుపవలెనన్నది నియమము. అట్టి రెండు సిగ్నళ్లను ఆ బండి నియమము పాటింపక దాటెనని ప్రాథమిక విచారణలో తేలినది. ఎందువలన దాటెనో చెప్పగలవారు మాత్రము లేరు.

నాలుగు మాసములు గడచెను. 2024 మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ మాటలాడుచు, ఆ సమయమున జరుగుచున్న క్రికెట్టు ఆటవలన డ్రైవరు, సహాయకుల దృష్టి మరలుటయే ప్రమాదమునకు కారణమని చెప్పెను. ఆ సాయంకాలము లక్నోలో భారత, ఇంగ్లండు జట్లకు ప్రపంచకప్పు పోటీ జరిగిన మాట వాస్తవమే. ఇక చెప్పవలసిన దేమున్నది! ‘సెల్‌ఫోనులో ఆట చూచుచు బండి నడిపిరి’ అన్న శీర్షిక దేశమంతట ప్రాకెను. టెలివిజనులో ఎర్రని అక్షరములు పరుగెత్తినవి. టీ దుకాణములలో తల లాడించినవారు, ‘నేటి కుర్రవాండ్రు ఇంతే’ అని తీర్పు చెప్పినవారు ఎందరో. అక్టోబరులో చనిపోయినవారు మార్చిలో మరల చనిపోయిరి. ఈ మారు వారితోపాటు వారి ఇంటివారి తలలు కూడ వంగినవి.

ఈ కథ అంతగా రుచించుటకు హేతువు తెలియనిది కాదు. ఆటోమేటిక్ సిగ్నలు ఎట్లు పనిచేయునో వివరింపబూనిన పాఠకుడు రెండవ పంక్తిలోనే ఆవులించును. క్రికెట్టు అందరికిని తెలియును. సెల్‌ఫోను అందరి చేతిలోను ఉన్నది. తాను చేయు తప్పునే మరియొకడు చేసి పట్టుబడెనన్న వార్తలో ఒక విచిత్రమైన తృప్తి కలదు. పైగా దోషి దొరికినాడు, అతడు ఎదురు చెప్పజాలడు. పత్రికకు ఇంతకు మించిన సరకు లేదు. కొనువాడున్నాడు గనుకనే అంగడిలో ఆ సరకు నిలిచినది. అంగడివానినొక్కనిని నిందించి ప్రయోజనము లేదు.

అదే సంవత్సరము రైల్వే భద్రతా కమిషనరు విచారణ నివేదిక సంగతులు వెలికి వచ్చినవి. ఆ ఇద్దరి ఫోనుల వివరములను తెప్పించి చూడగా, డేటా వినియోగము ఏమియు లేదని తేలినది. డేటా లేక ఆట చూచుట యెట్లు? నియమోల్లంఘనమును గూర్చిన దోషము అటులే యుండవచ్చును. క్రికెట్టు కథ మాత్రము నిలువలేదు. ఈ సంగతిని ప్రచురించిన పత్రికలు లేకపోలేదు. అయితే మార్చినాటి అక్షరముల పరిమాణమేది, ఈ అక్షరముల పరిమాణమేది? మార్చిలో తల లాడించినవారిలో ఎందరు దీనిని చదివియుందురు?

ఈ జబ్బు సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. ఆంధ్రము మదరాసు రాష్ట్రములో భాగముగా నున్న కాలమున, మదరాసులో లక్ష్మీకాంతన్ అను నతడు సినిమా నటుల రహస్యములను అచ్చొత్తి అమ్ముచుండెను. ఆ పత్రికను తిట్టుచునే కొని చదివిరి. 1944 నవంబరులో అతడు కత్తిపోట్లకు గురియై మరణించెను. ప్రఖ్యాత నటులు త్యాగరాజ భాగవతారు, ఎన్.ఎస్. కృష్ణన్ ఆ కేసులో శిక్ష పొంది, 1947లో నిర్దోషులుగా విడుదలైరి. నడుమ కారాగృహములో గడచిన కాలమును ఎవ్వరును తిరిగి ఇయ్యలేదు.

అట్లని సంచలనము కలిగించిన ప్రతి వార్తయు చెడ్డదని అనరాదు. 1874లో రాజమహేంద్రవరమున ‘వివేకవర్ధని’ని నెలకొల్పిన కందుకూరి వీరేశలింగము లంచగొండుల గుట్టు రట్టు చేసినపుడు ఊరు ఊరంతయు కలకలపడినది. అయితే ఆ పత్రిక వ్రాసినది అధికారములో నుండి బదులు చెప్పగల బలవంతులను గూర్చి. కంటకాపల్లి విషయమున వేలు చూపబడినది మృతుల వైపు.

అన్నిటికంటె పెద్ద నష్టము మరియొకటి. సిగ్నళ్లు ఏల చెడెను? చెడినవని తెలిసిన పిమ్మట ఒక బండి వెనుక మరియొక బండి పోవునపుడు తీసికొన్న జాగ్రత్త యేమి? బండ్లు ఢీకొనకుండ తమంతట ఆపు ‘కవచ్’ యంత్రాంగము ఆ మార్గములో అప్పటికి ఏల లేదు? రేపటి ప్రయాణికుని ప్రాణము ఈ ప్రశ్నలపై ఆధారపడి యున్నది. క్రికెట్టు కథ పుట్టిన దినమున ఇవి చప్పబడినవి. జవాబు దొరికినదని నమ్మినవాడు మరల ప్రశ్న వేయడు గదా!

పాఠశాలలలో ఉదయ ప్రార్థనానంతరము ఒక విద్యార్థి ఆనాటి ముఖ్య వార్తలు చదువుట ఆచారము. మార్చిలో క్రికెట్టు వార్తను చదివిన బాలుడు, నివేదిక వెలువడిన పిమ్మట దానిని కూడ అదే మెట్టుపై నిలిచి చదివినచో వినువారి ముఖము లెట్లుండెడివో! ఉపాధ్యాయులకు ఇందులో ఖర్చు లేదు, అదనపు పుస్తకము అక్కరలేదు. రెండు కత్తిరింపులను నోటీసు బోర్డుపై ప్రక్కప్రక్కన అంటించి, రెంటి తేదీలను, రెంటి అక్షరముల ఎత్తును కొలబద్దతో కొలిచి వ్రాయుడని పిల్లలకు చెప్పిన చాలును. ఆ పిల్లలలో కొందరు సాయంకాలము పాసింజరులోనే ఇంటికి పోవుదురు.