చిన్న పనే కదా అంటారు

"చిన్న పనే కదా సార్, దీనికీ పర్మిషనా?" ఈ మాట వినీ వినీ ఒళ్లు మండిపోతోంది. మాచర్ల దాటి యర్రగొండపాలెం వైపు నల్లమల మొదలయ్యే దారిలో గానీ, ఇటు ఎత్తిపోతల మీదుగా విజయపురి సౌత్ పోయే దారిలో గానీ ఏ గట్టు తవ్వినా, ఏ చెట్టు కూల్చినా ఇదే జవాబు. రోడ్డు పక్క బెర్మ్ వెడల్పు చేయడం చిన్న పని. మలుపు సరిచేయడం చిన్న పని. కల్వర్టు మార్చడం అంతకన్నా చిన్న పని. ఈ చిన్న పనులన్నీ కలిపి అడవికి ఏం చేశాయని ఏ ఒక్క అధికారైనా ఎప్పుడైనా కూర్చుని లెక్క వేశాడా?

ఆ కల్వర్టు సంగతే తీసుకోండి. పాత రాతి తూము తీసేసి రెండు సిమెంటు పైపులు పెడతారు. వానాకాలంలో వాగు ఆ పైపుల్లోంచి దూకి, కింద ఇసుకను కోసుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పైపు నోరు వాగు మట్టానికి పైన, గాల్లో తేలుతుంది. పాత తూములో ఒదిగి ఒదిగి అవతలికి పోయిన ముళ్లపంది, అలుగు ఇక గట్టెక్కి తారు మీదికి రావాల్సిందే. రాత్రిపూట కంకర టిప్పరు లైట్లకు కళ్లు చెదిరి అక్కడే నిలబడిపోతాయి. తెల్లారి వెళ్లి చూస్తే ఏముంటుంది? టైరు అచ్చు, నాలుగు ముళ్లు.

రోడ్డు అంచున కట్టే కాంక్రీటు గోడ అర అడుగే కావచ్చు, నక్షత్ర తాబేలుకి అది కోటగోడ. దాని వెంటే పాకుతూ పోతుంది, సందు దొరక్క మండుటెండలో మాడిపోతుంది. ఆ గోడలో అక్కడక్కడా జానెడు సందు వదిలితే ఖర్చు పెరగదు, తగ్గుతుంది! ఆ మాట చెప్పేవాడు ఎస్టిమేటు వేసేటప్పుడు పక్కన లేడు. అదీ కడుపుమంట.

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 3,728 చదరపు కిలోమీటర్లు. దేశంలో విస్తీర్ణంలో అన్నిటికన్నా పెద్దది. లోపల పని చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డుంటుంది, ఫైలు జాతీయ వన్యప్రాణి మండలి దాకా పోవాలి. ఒక అభయారణ్యాన్ని ఇంకోదానితో కలిపే అటవీ ప్రాంతాలకు కూడా అదే చట్టం రక్షణ ఇచ్చింది. కాగితం మీద! అభయారణ్యం గీత దాటి నాలుగడుగులు ఇవతలికొస్తే అడిగే దిక్కు లేదు. పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ 2006లో వచ్చింది. 2013లో దాన్ని సవరించి, ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేయడమైతే 100 కిలోమీటర్లు దాటాలి, అదనంగా తీసుకునే భూమి 40 మీటర్ల వెడల్పు దాటాలి, అప్పుడే అనుమతి కావాలన్నారు. మన కల్వర్టులు, మలుపులు ఆ జల్లెడలో ఎప్పటికి చిక్కుతాయి?

పులికి ఆ గీత తెలుసా? 2023లో దుర్గి వైపు పులులు తిరుగుతున్నాయంటే పల్లెలకు పల్లెలు హడలిపోయాయి. రాత్రి చేలకు పోవద్దని చాటింపులు వేశారు. జనాన్ని అంత హెచ్చరించిన యంత్రాంగం, ఆ పులులు దాటిన రోడ్డు మీద పని చేసే కాంట్రాక్టరుకి ఒక్క జాగ్రత్త చెప్పిందా?

రోడ్లు వద్దని నేననడం లేదు. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో చెంచుగూడేల నుంచి నిండు గర్భిణిని ఆస్పత్రికి తేవాలంటే రోడ్డు కావాలి, రేపే కావాలి. అటవీ హక్కుల చట్టం దానికి దారి చూపింది. హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించని నష్టం, గ్రామసభ సిఫార్సు. నిరుపేద చెంచు రోడ్డుకి అన్ని షరతులు. టిప్పరు సులువుగా తిరగడానికి మలుపు వెడల్పు చేస్తే అందులో సగం పట్టింపైనా లేదు. ఇదెక్కడి న్యాయం?

అడిగితే ఒక ఆఫీసులో "అది అటవీ శాఖ వాళ్లు చూసుకోవాలి" అన్నారు. అక్కడికి పోతే "మా హద్దులోకి రాదు" అన్నారు. మధ్యలో అడవి ఎవరిది?

తెలియక చేస్తున్నారనుకుందామంటే అదీ కాదు. రోడ్లు, రైలు మార్గాల వల్ల వన్యప్రాణులకు కలిగే హాని ఎలా తగ్గించాలో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 2016లోనే పుస్తకం వేసింది. పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి కింద జంతువుల కోసం తొమ్మిది దారులు కట్టారు, కోర్టుల దాకా పోయాకే అనుకోండి. వాటి కింద నడిచిన పులులు కెమెరాలకు చిక్కాయి. యూరప్‌లో 1992 నుంచే నియమం ఉంది. రక్షిత ప్రాంతం మీద ఏ పని ప్రభావమైనా, ఆ పని గీత బయట జరిగినా సరే, విడిగానూ చూడాలి, మిగతా పనులతో కలిపీ చూడాలి. ఆ "కలిపి" అన్న చూపే మనకు కరువైంది.

ఇప్పుడు చేయాల్సింది కోట్ల పని కాదు. అడవికి ఆనుకుని జరిగే ప్రతి రోడ్డు పనికీ, టెండరు పిలవక ముందే ఏఈ, బీట్ ఆఫీసరు, ఆ ఊరి పశువుల కాపరి ఒకరు కలిసి ఆ దారి నడవండి. ఏ వాగు దగ్గర ఏ జంతువు దాటుతుందో, రోడ్డు రోలింగుకి నీళ్ల ట్యాంకరు ఏ మడుగులో పైపు వేయబోతోందో ఒక పేజీలో రాయండి. ముగ్గురూ సంతకాలు పెట్టి ఆ కాగితాన్ని పంచాయతీ గోడకు అంటించండి. అది లేని బిల్లు ఆపేయండి. వేసవి పనుల ఎస్టిమేట్లు సిద్ధం చేసేలోగా మాచర్లలో ఇది మొదలుకావాలి.