గీత గీసిందెవరు?

"కులం రక్తంలోనే ఉంటుంది, మీటింగులు పెట్టి పోగొట్టేది కాదు" అని ఊరి పెద్దమనుషులు అంటావుంటారు. మనవాళ్లలోనూ కొందరు తల ఊపుతారు. ఇది తప్పని మేమంటాం. మనిషి మెదడు దేన్ని ఏ కోవలో వేయాలో ఎట్లా నేర్చుకుంటుందో చూస్తే ఆ తప్పు బయటపడుతుంది.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు నాయన వెంట మొదటిసారి పోయిన పిల్లోడికి అన్ని గూళ్లూ ఒకటే. ఇది గట్టి గూడు, ఇది మచ్చ గూడు, ఇది రెండు పురుగులు కలిసి అల్లిన గూడు అని ఎవరూ నోటుబుక్కులో రాసియ్యరు. పట్టుకుంటాడు, నొక్కి చూస్తాడు, తప్పు చెప్తే నాయన గదమాయిస్తాడు. నాలుగు పంటలు తిరిగేసరికి చెయ్యి పెడితే చాలు, తెలిసిపోతుంది. ధర్మవరం మగ్గాల ఇండ్లల్లో పెరిగిన పిల్లా అంతే. మనకు ఉత్త ఎరుపుగా కనిపించేదాంట్లో ఆ పిల్లకు నాలుగు ఎరుపులు కనబడతాయి.

కులం నేర్చుకునేదీ ఇట్లనే. మూడేండ్ల బిడ్డకు మాల, మాదిగ, రెడ్డి అంటే ఏం తెలుసు? టీ అంగట్లో తన నాయనకు వేరే గ్లాసు ఇయ్యడం చూస్తాడు. (పేపరు కప్పులొచ్చినాక చాలా చోట్ల గ్లాసు గొడవ తగ్గింది గాని, బల్ల మీద కూర్చునే గొడవ పోలేదు.) ముసలి తాతను పెత్తందారు ఇంటి చిన్నపిల్లోడు "ఒరే" అనడం వింటాడు. కొళాయి దగ్గర అమ్మ ఎడంగా నిలబడితే తానూ నిలబడతాడు. పాఠం చెప్పినోళ్లు కనబడరు, పాఠం మాత్రం వచ్చేస్తుంది.

2001లో అమెరికాలో ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం బయటపెట్టినారు. కంప్యూటరుతో పిల్లి బొమ్మనూ కుక్క బొమ్మనూ పాళ్లు మార్చి కలిపినారు. సగానికి మించి పిల్లి ఉంటే పిల్లి, కుక్క ఉంటే కుక్క అని కోతులకు నేర్పినారు. నేర్చినాక నుదురు వెనక మెదడు కణాలను కొలిచి చూసినారు. అరవై పాళ్ల పిల్లినీ నూరు పాళ్ల పిల్లినీ ఆ కణాలు ఒకే తీరుగా పట్టుకుంటున్నాయి. గీతకు అటొకటి ఇటొకటి ఉన్న బొమ్మలు దాదాపు ఒకేలా కనిపిస్తున్నా, కణాలకు అవి వేరు వేరు. ఊరికీ వాడకూ నడుమ ఉన్న బాట ఎంత? పది అడుగులు. తలకాయలో మాత్రం అది పెన్నేరంత.

అసలు సంగతి తర్వాతది. ఒక కోతికి అవే బొమ్మలను కొత్త గీతలతో మూడు గుంపులుగా నేర్పినారు. కణాలు కొత్త గుంపులను పట్టుకున్నాయి, పాత గీతను వదిలేసినాయి. కోతితో పోలుస్తారా అని కోప్పడొద్దు, ఆ గీత కోతి గీసుకున్నది కాదు గదా!

కులం తలల్లో ఉన్న భావన అని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో పట్టి చూపించారు. అక్కడితో ఆగక, ఆ భావనను నేర్పే శాస్త్రాల మీదికే పోయారు.

ఈ గీత మన పిల్లల లోపలికీ పోతుంది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారి బొమ్మలిచ్చి పరీక్ష పెట్టినారు. 2004లో ఫలితాలు వచ్చినాయి. కులం ఎత్తనప్పుడు దళిత పిల్లలూ పైకులాల పిల్లలూ సమానంగా చేసినారు. పేరుతో పాటు కులం పైకి చదివి మొదలుపెడితే మన పిల్లలు వెనకబడినారు. అదే తలకాయ, అదే కాగితం.

అందరూ ఒకటేనని గోడల మీద రాస్తే చాలదంటున్నాం. గూళ్ల తేడా మాటలతో రాలేదు, చేత్తో పట్టుకుంటే వచ్చింది. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులూ ముస్లింలూ పోతారు. అక్కడికి అమ్మ చంకనెక్కి పోయిన బిడ్డకు మతం గీత అంత గట్టిగా పడదని మా నమ్మకం. కులానికీ అట్లాంటి చోట్లు కావల్ల. ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. మాలలకో గిన్నె, మాదిగలకో గిన్నె పెట్టే ఇండ్లు మన వాడల్లో లేవా? ఆ పాఠం ఏ రెడ్డీ వచ్చి చెప్పడం లేదు, మనమే చెప్తున్నాం.

ఈ పక్షం రోజుల్లో సంఘం కార్యకర్తలు మధ్యాహ్నం పూట మీ ఊరి బడికి పోండి. అన్నం బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో, వండేది ఎవరో, ఎవరి పిల్లలు ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకుంటున్నారో చూసి మాకు రాయండి.