ఆసుపత్రి నుంచి ఆశ్రమానికి తిరిగివచ్చిన తరువాత: పశ్చిమ ప్రకాశంలో వయోవృద్ధుల వైద్య కొనసాగింపుపై విశ్లేషణ

మార్కాపురం: వయోవృద్ధుల ఆరోగ్య సంరక్షణకు చట్టాలు, పథకాలు అమలులో ఉన్నప్పటికీ, ఆసుపత్రి నుంచి తిరిగివచ్చిన వృద్ధాశ్రమ వాసికి వైద్యాన్ని కొనసాగించే బాధ్యత ఎవరిదన్న అంశం ఇంకా స్పష్టం కావలసి ఉన్నది.

తెలుగునాట నర్సింగ్ హోమ్ అంటే ప్రైవేటు ఆసుపత్రి అనే అర్థమే వాడుకలో ఉంది. వృద్ధులు దీర్ఘకాలం నివసించే చోటు వృద్ధాశ్రమం. అక్కడ వసతి, భోజనం ప్రధానం. వైద్యం చాలావరకు బయటి నుంచి అందవలసినదే.

చట్టపరమైన రక్షణ

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ఏర్పాటును 19వ సెక్షన్ ప్రస్తావించింది. ప్రభుత్వ ఆసుపత్రులలో వీలైనంత వరకు పడకలు, ప్రత్యేక వరుసలు, జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు ప్రత్యేక సదుపాయాలు కల్పించాలని 20వ సెక్షన్ నిర్దేశించింది. ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024 అక్టోబరు 29న ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు, ఆపై వయస్సు గలవారికి విస్తరించారు. అయితే ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు వర్తించేది. డిశ్చార్జి అనంతరం మందులు, పరీక్షలకు 15 రోజుల వరకే వర్తిస్తుంది. రక్తపోటు, మధుమేహం వంటి వ్యాధులకు మందులు జీవితాంతం అవసరం. పదహారవ రోజున మాత్ర ఎవరు ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న.

ప్రాంత ప్రత్యేకత

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కర్నూలు జిల్లా నుంచి విడదీసి అందులో కలిపారు. గిద్దలూరు నుంచి ఒంగోలుకు దూరం నూరు కిలోమీటర్లకు పైమాటే. నల్లమల కనుమ దాటితే నంద్యాల చేరువ. ఫలితంగా ఒకే రోగి ఒకసారి నంద్యాలలో, మరొకసారి ఒంగోలులో లేక గుంటూరులో చికిత్స పొందే అవకాశం ఉన్నది. చీటీలు వేర్వేరు చేతులలో ఉండిపోతే ముందు వైద్యుడు ఏ మందు ఆపమన్నారో తరువాతి వైద్యునికి తెలియదు.

ఈ ప్రాంతపు భూగర్భజలాలలో ఫ్లోరైడ్ సమస్య చిరకాలంగా ఉన్నది. పొరుగున ఉన్న నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్యులు నమోదు చేశారు. కీళ్లు, వెన్ను బిగుసుకుపోయిన వృద్ధులు నొప్పి మాత్రలను ఆశ్రయించడం సహజం. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అవే మాత్రలు ప్రమాదకరం. ఈ విషయం ఒక ఆసుపత్రి కాగితంలో ఉండి ఆశ్రమ నిర్వాహకులకు చేరకపోతే, ఉపశమనానికి ఇచ్చిన మాత్రే ప్రాణాంతకం కావచ్చును.

చేపట్టదగిన చర్యలు

దీనికి భారీ వ్యయం అవసరం లేదు. ప్రతి వాసికి వ్యాధులు, వాడుతున్న మందులు, నిలిపివేసిన మందులు, పడని మందులు తెలిపే ఒకే ఆరోగ్య పుస్తకం ఉండాలి. ఆసుపత్రికి వెళ్లినా, తిరిగివచ్చినా అది వెంట ఉండాలి. 2021లో దేశవ్యాప్తంగా ప్రారంభించిన 14 అంకెల ఆభా సంఖ్యను దానికి జోడించవచ్చును. డిశ్చార్జి సమాచారం స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అదే రోజు అందాలి.

రాష్ట్రంలో 2023 ఏప్రిల్ 6న ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమంలో, మంచానికే పరిమితమైన వారిని వైద్యుడు ఇంటివద్దనే పరీక్షించే ఏర్పాటును పొందుపరిచారు. ఆశ్రమమూ అక్కడి వారికి ఇల్లే. గ్రామ సందర్శనల జాబితాలో దానిని చేర్చి, బాధ్యుడైన వైద్యాధికారి పేరును ఆశ్రమంలో ప్రదర్శించినట్లయితే పదహారవ రోజు ప్రశ్నకు సమాధానం లభిస్తుంది.